రేడియో ఆయప్ప కోసం ప్యాసింజరు బండిలో

పెళ్లికి పోయేదాని మాదిరి తయారైంది మా అత్త ఆ రోజు. తెల్లారకముందే తలకు పోసుకుని, క్రిస్మస్‌కు కొన్న వంకాయ రంగు చీర కట్టుకుని, జుట్టు తడి ఆరకముందే కొప్పు చుట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆమెకు డెబ్బై దాటాయి. మా ఆయన ఆటో స్టార్టు చేస్తా చేస్తా తల్లిని కిందికీ మీదికీ చూసి, "ఏంమా, చర్చికి కూడా ఇంత సింగారం చేసుకోవు గదా" అన్నాడు.

"చర్చికి వారం వారం పోతా. ఈడికి ఒక్కతూరే గదరా పోయేది" అంది అత్త.

మేం పోతున్నది కడపకు. మధ్యాహ్నం పూట రేడియోలో పాటలు వేస్తూ మాట్లాడే ఆయన రిటైరవుతున్నాడు. ఆఖరి రోజు కార్యక్రమం శ్రోతల ముందరే, స్టేషన్ హాల్లోనే చేస్తామని, రాగలిగిన వాళ్లంతా రావచ్చని ఆయనే కొన్ని రోజులుగా చెబుతూ వచ్చాడు. మొదటిరోజు ఆ మాట వినగానే మా అత్త చేతిలో చాట కింద పెట్టి, "పాపా, మనం పోతాండాం" అంది. నన్ను అడగలేదు, చెప్పింది. నేను కుడుతున్న జాకెట్టు మీద నుంచి తలెత్తకుండానే "పోదాం అత్తా" అన్నాను. లోపల నాకూ కాళ్లు నిలవడంలేదు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, బస్సులో పోండి అని మా ఆయన శానా చెప్పాడు. అత్త వినలేదు. బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. అసలు కారణం అది కాదు. "బస్సులో అందరూ ముందుకే చూస్తాంటారు. మాట్లాడేదానికి మొగాలు యాడ కనపడతాయి? ప్యాసింజరు బండైతే ఎదురుబదురు కూసుంటాం" అంది. ప్యాసింజరు టికెట్టు అంటే టీ, బజ్జీల ఖర్చు కంటే తక్కువే. అంత చవకగా అంత దూరం పోవడం మా అత్తకు ప్రతిసారీ ఏదో గెలిచినట్టు ఉంటుంది. టికెట్లు కొంగుకు ముడేసుకుని, ముడిని మాటిమాటికీ తడుముకుంటుంది.

కర్నూలు నుంచి పోవాలంటే డోన్‌లో ఒకసారి, నంద్యాలలో ఇంకోసారి బండి మారాలి. డోన్‌లో ప్లాట్‌ఫారం మారేటప్పుడు అత్త నాకంటే ముందు నడిచింది. ఒక చంకలో జొన్నరొట్టెల మూట, ఇంకో చేతిలో రేడియో. ఆ రేడియోకు ఆమే ఒక సంచి కుట్టించుకుంది. నేనే కుట్టాను, మిగిలిన బ్లౌజు గుడ్డతో. చెవి దగ్గర పెట్టుకునే వైపు మాత్రం చిల్లులున్న గుడ్డ వేశాను, శబ్దం బయటికి రావాలని.

ఆయన పేరు నేను చెప్పను. మా ఇంట్లో ఎవరం ఆయన్ను పేరుతో పిలవలేదు. అత్తకు ఆయన "రేడియో ఆయప్ప". గొంతు మరీ గొప్పదేం కాదు. కొంచెం ముక్కుతో మాట్లాడేవాడు. చలికాలం వస్తే జలుబు చేసేది. మైకు ముందే దగ్గి, "ఏమనుకోవద్దమ్మా" అని నీళ్లు తాగేవాడు, గుటక కూడా మాకు వినపడేది. "మిరియాల కషాయం తాగప్పా, నీళ్లు కాదు" అని అత్త రేడియోను కోప్పడేది. జాబులు చదివేటప్పుడు తొందరపడేవాడు కాదు. ఊరి పేరును ఆ ఊరివాళ్లు ఎట్లా పలుకుతారో అట్లానే పలికేవాడు. ఉల్లిగడ్డ ధర పడిపోయిన రోజుల్లో పాటకు ముందు ఒక్క మాట అనేవాడు, "గడ్డలు మడికాడనే ఉన్నాయా, అమ్ముకున్నారా?" అని. అంతే. తర్వాత పాట వేసేవాడు. ఆ ఒక్క మాటకు పొలంలో ఉన్నవాళ్లంతా తలెత్తి రేడియో వైపు చూసేవాళ్లం.

అన్నిటికంటే ముఖ్యం, కార్యక్రమం మొదలుపెట్టగానే ఆయన అడిగే మాట. "అన్నం తిన్నారా అమ్మా?" అని అడిగి ఊరికే ఉండేవాడు. మనం జవాబు చెప్పడానికన్నట్టు కొంచెం సందు ఇచ్చేవాడు. ఆ తర్వాతే మాట్లాడేవాడు.

నేను కోడలిగా వచ్చినప్పుడు మా అత్తవాళ్లు డోన్ దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లు. ఎర్రమట్టి చేను, వేరుశనగ, కొంచెం ఆముదాలు. అత్త అంటే నాకు హడల్. ఆమె గొంతు చేను ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేది. మామ మాత్రం మెత్తని మనిషి. రేడియో ఆయనదే. గడప పక్కన మేకుకు తగిలించుకుని, దాని కిందే కూర్చుని అన్నం తినేవాడు. నా పెళ్లయిన రెండో ఏడు ఆయన చేన్లోనే కూలబడి ప్రాణం విడిచాడు. ఆ తర్వాత అత్త నోటి నుంచి మాట పోయింది. ఏడుపు లేదు, అరుపు లేదు. చర్చి వాళ్లు వచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్లు, అక్కచెల్లెళ్లు వచ్చి పట్టుకుని ఏడ్చిపోయేవాళ్లు, ఆమె గోడను చూస్తూ కూర్చునేది. పెట్టింది తినేది, లేకుంటే లేదు. నాకు ఏం చేయాలో తెలీలేదు. అంత గొంతున్న మనిషి మాట్లాడకపోతే ఇల్లంతా బావిలో పడినట్టుంటుంది.

ఒక మధ్యాహ్నం మిషన్ తొక్కుతూ తొక్కుతూ, ఆ నిశ్శబ్దం తట్టుకోలేక, లేచి మేకు మీది రేడియో తిప్పాను. ఆయనే. "అన్నం తిన్నారా అమ్మా?" అన్నాడు. ఊరకున్నాడు.

"ఇంగా లేదప్పా" అని వినపడింది మూల నుంచి.

నేను మిషన్ మీద నుంచి దూకినంత పని చేశాను. గబగబా కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి తెచ్చాను. అత్త తినింది. తిని, "పప్పులో ఉప్పెక్కువైంది" అంది. నన్ను తిట్టిన మొదటి తిట్టు విన్నప్పుడు ఏడ్చాను గానీ, ఆ తిట్టు విని నవ్వాను. అత్త నన్ను వింతగా చూసింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి విన్నాం, ఇన్నేళ్లూ. ఏ పాట బాగుంటుందో కొట్లాడుకుంటూ విన్నాం. చేను కౌలుకిచ్చి కర్నూలు వచ్చాం, మా ఆయన ఆటో కొన్నాడు, పిల్లలు పెద్దవాళ్లై ఎవరి చదువుల్లో వాళ్లు పడ్డారు. టీవీ వచ్చింది, ఫోన్లు వచ్చాయి. మధ్యాహ్నం ఆ గంట మాత్రం మా ఇంట్లో ఆయనదే.

నంద్యాల దాటాక బండి నల్లరేగడిలో పడింది. కిటికీకి అటూ ఇటూ శనగ చేన్లు. ఎదురు సీట్లో ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చున్నాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడట. కోవెలకుంట్లలో ఒక పెద్దాయన ఎక్కాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెలితిప్పిన మీసం. శనగ రైతు, భూమి బాగానే ఉన్నట్టుంది. కొడుక్కు కారుందని, తనకు మాత్రం రైల్లో పోతేనే గాలి ఆడుతుందని కూర్చోగానే చెప్పాడు. కడపలో కూతురింటికి పోతున్నాడు.

అత్తకు కావల్సిన ఎదురుబదురు మొగాలు దొరికాయి.

"ఏమప్పా, రేడియో వింటారా మీరు?" అని మొదలుపెట్టింది.

డ్రైవరు మొగం విచ్చుకుంది. "వినకుండా ఎట్లుంటామమ్మా? లారీలో ఇంగేం పని మాకు?"

పెద్దాయన మీసం సర్దుకుని, "ఈ కాలంలో రేడియో ఇంగా ఎవరు వింటాండారమ్మా? పని లేనోళ్లు వింటారు" అన్నాడు.

అత్త ఆయన వైపు నుంచి మొగం తిప్పుకుని డ్రైవరుతోనే మాట్లాడింది. రేడియో ఆయప్ప ఎట్లా ఉంటాడనే దాని మీద వాదన మొదలైంది. ఆయన ఆరడుగులుంటాడని, బుర్ర మీసాలుంటాయని డ్రైవరు. కాదు, నల్లగా, రింగుల జుట్టుతో తన తమ్ముని మాదిరి ఉంటాడని అత్త. నేను చెప్పిందాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మొదట్లో కడపలో కాకుండా ఇంకెక్కడో పనిచేశాడని అత్త అంటే, కిటికీలోంచి బయటికి చూస్తున్న పెద్దాయన ఉండబట్టలేక, "యాడ పనిచేసినాడు? మొదట్నుంచీ కడపలోనే. ముందు పొద్దున పూట రైతుల కార్యక్రమం చేసేటోడు. ఆ తర్వాతే మధ్యాహ్నానికి మారినాడు" అన్నాడు.

అందరం ఆయన్నే చూశాం.

"పని లేనోళ్లు వింటారని ఎవరో అనిరే ఇందాక?" అంది అత్త.

పెద్దాయన మొగం ఎర్రబడింది. "మా ఇంట్లో ఆడోళ్లు పెడతారు. చెవిన పడుతుంది" అన్నాడు. డ్రైవరు నవ్వాపుకోలేక కిటికీ కడ్డీలకు తల ఆనించాడు. కొంచెం సేపటికి పెద్దాయనకే నవ్వొచ్చింది. చెవిన పడిందంతా వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మైకు ముందు తుమ్మిన రోజు, పాట తప్పు పడితే సగంలో ఆపి క్షమించమన్న రోజు, ఎవరో తమ ఎద్దు తప్పిపోయిందని జాబు రాస్తే పాట ఆపి ఆ ఎద్దు ఆనవాళ్లు చదివిన రోజు. అన్నీ మాకూ గుర్తే. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తున్నాం. ముక్కూమొగం తెలీని నలుగురం చుట్టాల మాదిరి అయిపోయాం. పక్క సీట్ల వాళ్లు కూడా జరిగి జరిగి వచ్చి మా మాటల్లో దూరారు. నాకు నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

ఎర్రగుంట్ల కనపడేంత దూరంలో, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కిటికీలో నిలబడి ఉండగా, బండి ఆగిపోయింది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. ఒక గూడ్సు పోయింది. ఇంకొకటి పోయింది. మా బండి కదల్లేదు. అత్త మాటలు తగ్గాయి. కొంగు ముడి తడుముకోవడం ఎక్కువైంది. కాసేపటికి కార్యక్రమం మొదలయ్యే వేళయింది. సంచిలోని రేడియో తీసి తిప్పితే జుయ్యిమని శబ్దం తప్ప మాట రాలేదు. పైన కరెంటు తీగలు, చుట్టూ ఇనుము. అత్త రేడియోను కడ్డీల సందులోంచి బయటికి చాపి, తల కూడా కడ్డీలకు ఆనించి వింది. ఏమీ లేదు.

"పోయింది పాపా. మనం పోయేసరికి అయిపోతుంది" అంది. గొంతు సన్నగా అయింది. మామ పోయాక గోడను చూస్తూ కూర్చున్న మనిషే గుర్తొచ్చింది నాకు.

డ్రైవరు వెంటనే ఫోను తీశాడు. "ఉండమ్మా, ఇందులో వస్తుంది రేడియో" అని ఏదో నొక్కాడు. నిజంగానే వచ్చింది. హాల్లో చప్పట్లు, ఆయన గొంతు. కొంచెం బొంగురుగా ఉంది. ఈరోజు ఫోన్లు తీసుకుంటానని, కడపకు రాలేనివాళ్లు ఫోన్ చేయవచ్చని నంబరు చెబుతున్నాడు.

"చేయండమ్మా, ఫోను చేయండి!" అని డ్రైవరు అరిచాడు.

ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఎన్నేళ్లుగానో చేస్తున్నాను, ఒక్కసారీ దొరకలేదు. ఎప్పుడు చేసినా ఎంగేజే. ఆ రోజు మా పెట్టెలో ఎంతమందికి ఫోన్లున్నాయో అందరూ తీశారు. నేను నంబరు గట్టిగా చెబుతుంటే అందరూ నొక్కుతున్నారు. "ఎంగేజ్." "నాదీ ఎంగేజే." "మోగింది, మోగింది... కట్టయింది." బడిలో పరీక్ష ఫలితాలు చదివినట్టు ఉంది. పెద్దాయన ఒక్కడే నంబరు అడగకుండా, పాత బటన్ల ఫోను తీసి, చెవికి పెట్టుకుని కూర్చున్నాడు.

"నంబరు చెప్పమంటారా పెద్దయ్యా?" అన్నాను.

"ఉండాది లేమ్మా నా కాడ" అన్నాడు నేల చూపులు చూస్తూ. దినామూ చేస్తాడన్నమాట ఈయన కూడా.

అంతలో ఆయన కండ్లు పెద్దవయ్యాయి. ఫోనులోంచి మాకందరికీ వినపడేంత గట్టిగా, "హలో, నమస్కారం. ఎవరు మాట్లాడుతున్నారండీ?" అని రేడియో ఆయప్ప గొంతు.

పెద్దాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మీసం మాత్రం కదిలింది. మళ్లీ "హలో?" అని వినపడగానే, వేడి పెనం పట్టుకున్నవాని మాదిరి ఫోను అత్త చేతిలో పెట్టేశాడు.

అత్త ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నేనప్పా" అంది.

"నేనంటే ఎవరమ్మా?"

"నేనే. దినామూ నీతో మాట్లాడతాంటా గదా."

హాల్లో జనం నవ్వడం వినపడింది. ఆయనా నవ్వాడు. "అవునా అమ్మా. మీ రేడియో సౌండు కొంచెం తగ్గించండి, రెండు రెండుసార్లు వినపడుతోంది." డ్రైవరు తన ఫోను చొక్కాలో దూర్చుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారమ్మా?"

"రైల్లో నుంచి. నిన్ను చూసేదానికే వస్తాంటిమి. ఎర్రగుంట్ల కాడ నిలబెట్టినారు. గూడ్సు బండ్లన్నీ పోతాండాయి, మా బండి కదల్దు."

"అయ్యో! మరి అన్నం తిన్నారా అమ్మా?"

ఎప్పటి మాదిరే అడిగి ఊరకున్నాడు. పెట్టెలో అందరం ఫోను వైపు వంగాం. అత్త ఏం చెబుతుందో నాకు తెలుసు, ఇన్నేళ్లుగా రోజూ విన్నదే. నా నోట్లో కూడా ఆ మాట సిద్ధంగా ఉంది. అత్త అది చెప్పలేదు.

"నా సంగతి అట్లుంచప్పా. ఇన్నేండ్లూ మమ్మల్నందర్నీ అడుగుతానే ఉంటివి. నువ్వు తింటివా?"

అటువైపు శబ్దం లేదు. రేడియోలో అంత సేపు ఎవరూ మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. ఆ సందులో మా పెట్టెలోకి బుట్ట ఎత్తుకుని ఒకామె వచ్చి, "పచ్చిశనగలో! పచ్చిశనగా!" అని గొంతెత్తి అరిచింది. అందరం ఒక్కసారే ఆమె మీదికి చేతులూపాం. ఆమె బెదిరిపోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంగా లేదమ్మా" అన్నాడు ఆయన. రేడియో భాష కాదది, మా భాష. ఆయన మా వైపు మనిషే అని మాకెప్పుడూ తెలుసు గానీ, ఆ మాట అట్లా పలకడం అదే మొదటిసారి. "పొద్దున్నుంచి ఏమీ తినబుద్ధి కాలేదు."

"అయితే నువ్వు యాడికీ పోవద్దు. రొట్టెలు తెస్తాండాం" అంది అత్త.

"పోను. మీరొచ్చేదాకా ఈడనే ఉంటా. ఏ పాట వేయమంటారమ్మా?"

అత్త ఫోను పైకెత్తి పెట్టె వైపు తిరిగి, "ఏం పాట కావాలంటా!" అని కేకేసింది. ఒక్కొక్కరు ఒక్కొక్క పాట. పెద్దాయనకు మాట తిరిగొచ్చి, లేచి నిలబడి తన పాట పేరు అరిచాడు. పచ్చిశనగల ఆమె కూడా ఒక పాట అడిగింది. ఫోనులో ఆయన నవ్వుతూ, "ఒక బండి మందికి ఒక పాట చాలదు. వరసగా వేస్తా" అని పెట్టేశాడు.

ఫోను పెట్టేసినా అయిపోలేదు. డ్రైవరు ఫోనులో రేడియో నిమిషం పైనే ఆలస్యంగా వస్తుంది. ఆయన తలుపు దగ్గరి నుంచి "వస్తాండావమ్మా, రేడియోలో వస్తాండావు!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి ఫోను మధ్యలో పెట్టాడు. అత్త గొంతు అత్తే వింది. "నువ్వు తింటివా?" అని తను అడిగింది తనే విని, అత్త నోటి మీద చేయి పెట్టుకుంది. "ఇంత గట్టిగా మాట్లాడతానా పాపా నేను?" అంది నా చెవిలో. తర్వాత "పచ్చిశనగలో!" అని వచ్చేసరికి పెట్టె పెట్టంతా పగలబడి నవ్వింది. ఆ బుట్ట ఆమె, "యా అల్లా, నా గొంతు రేడియోలో వచ్చిందా? మా ఆయన విన్నాడో లేదో" అని మురిసిపోయి, తలా ఒక శనగ కట్ట చేతిలో పెట్టి, డబ్బులిస్తామన్నా వినకుండా దిగిపోయింది. పాటలు మొదలయ్యాయి. బండి కదిలింది. ఒక్కసారిగా ఎవరో చప్పట్లు కొడితే అందరం కొట్టాం, పాటకో బండికో తెలీదు.

ఎర్రగుంట్ల స్టేషన్లో డ్రైవరు దిగలేదు. అంటే, దిగాడు. పరిగెత్తుకుంటూ పోయి కడపకు టికెట్టు తీసుకుని, కదులుతున్న బండి ఎక్కాడు. "డ్యూటీ లేదాప్పా నీకు?" అంటే, "రాత్రికి పోతాలేమ్మా. లారీ యాడికీ పోదు" అన్నాడు.

మేం కడప చేరేసరికి కార్యక్రమం ఎప్పుడో అయిపోయింది. పెద్దాయన కూతురు స్టేషన్‌కు మనిషిని పంపితే, కొంచెం ఆగమని చెప్పి ఆయన కూడా మా ఆటోలో ఎక్కేశాడు. రేడియో స్టేషన్ దగ్గర జనం వెళ్లిపోయారు. కుర్చీలు మడిచి పెడుతున్నారు. గేటు లోపల మెట్ల మీద ఒకాయన చేతిసంచి, పూలదండ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. బట్టతల. రబ్బరు చెప్పులు. చెవులు మాత్రం పెద్దవి. మేం ఆయన్ను దాటుకుని లోపలికి పోబోయాం.

"రైలమ్మా?" అన్నాడు.

మాకు కాళ్లు ఆగిపోయాయి. గొంతు ఆ మనిషి నోట్లోంచి వస్తోంది. అలవాటు పడడానికి కొంచెం సేపు పట్టింది నాకు. వేరే ఎవరో తెర వెనకాల నిలబడి మాట్లాడుతున్నట్టుంది. డ్రైవరు ఆయన్ను చూస్తూ తన మీసం తనే తడుముకున్నాడు.

అన్నేళ్లుగా రేడియోతో గడగడా మాట్లాడిన అత్త ఆయన ముందర ఒక్క మాటా మాట్లాడలేకపోయింది. నమస్కారం కూడా పెట్టలేదు. కొత్త కోడలి మాదిరి నా వెనక్కి జరిగింది. నేను ముందుకు తోస్తే, మళ్లీ వెనక్కి. చివరికి ఆయనే లేచి, "రొట్టెలు యాడమ్మా?" అన్నాడు.

అదే మంచిదైంది. చేతికి పని దొరికింది. అత్త మెట్ల మీదే మూట విప్పింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, వంకాయ పచ్చడి. ఆయన మధ్యలో కూర్చున్నాడు, డ్రైవరు ఒక పక్క, పెద్దాయన ఇస్త్రీ పంచె దుమ్ములో పడుతున్నా చూసుకోకుండా ఇంకో పక్క. రేడియో ఆయప్ప గబగబా తిన్నాడు, నిజంగా ఆకలి మీద ఉన్న మనిషి. రెండో రొట్టె వేసుకోమంటే వేసుకున్నాడు. "ఈ పచ్చడి మా అమ్మ చేసినట్టుంది" అన్నప్పుడు అత్త మొదటిసారి నోరు విప్పింది. "కాయలు నిప్పుల మీద కాల్చాలప్పా. గ్యాసు మీద కాలిస్తే రాదు."

అప్పుడు నేను చెప్పాను ఆయనకు, మామ పోయిన రోజుల సంగతి. గోడను చూస్తూ కూర్చోవడం, నేను రేడియో తిప్పడం, మూల నుంచి మాట రావడం. అత్త వద్దు వద్దని నా చేయి గిల్లుతూనే ఉంది. ఆయన చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఆగిపోయింది.

"ఆ సందు ఎందుకిస్తానో తెలుసామ్మా?" అన్నాడు. "మొదటిరోజు భయపడి తర్వాతి మాట మర్చిపోయినా. అన్నం తిన్నారా అని అడిగి, కాగితం యాడ పెట్టినానో వెతుక్కుంటాండా. పై అధికారి తిట్టినాడు. ఆ తర్వాత జాబులొచ్చినాయి, 'తిన్నాం నాయనా', 'ఇంగా లేదు నాయనా' అని. ఇంతమంది జవాబు చెబుతారని నాకేం తెలుసు? అప్పట్నుంచి కావాలనే ఊరకుంటా."

పెద్దాయన గట్టిగా నవ్వి, "నేను దినామూ 'తిన్నా' అని అబద్ధం చెబుతాంటి. షుగరు కదా, ఆలస్యంగా తినకూడదంటారు" అన్నాడు. మేమంతా నవ్వాం. రేడియో ఆయప్ప అందరికంటే ఎక్కువ నవ్వాడు, దగ్గొచ్చేదాకా. అత్త గబుక్కున నీళ్ల సీసా ఇవ్వబోయి ఆగి, "మిరియాల కషాయం తాగాలప్పా నువ్వు" అని ముఖం మీదే చెప్పేసింది. అక్కడి నుంచి ఆమె నోరు ఆగలేదు. ఏ రోజు ఏ పాట వేసి తప్పు చేశాడో అంతా చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు ఎర్రగుంట్లలో దిగి, బండి కనుమరుగయ్యేదాకా చేయి ఊపాడు. మా ఎదురుగా కొత్త మొగాలు వచ్చి కూర్చున్నాయి. అత్త వాళ్లకు మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. జమ్మలమడుగు వచ్చేసరికి రేడియో ఆయప్ప తిన్న రొట్టెలు మూడయ్యాయి, కోవెలకుంట్ల దాటేసరికి ఐదు. "నిజమేనామ్మా?" అని వాళ్లు నన్ను అడిగితే, "నిజమే" అన్నాను, ముఖం తిప్పుకుని.

ఇప్పుడు మధ్యాహ్నం పూట ఒక చిన్న పిల్ల చేస్తోంది ఆ కార్యక్రమం. కొత్తది, పాపం గడగడా చదువుతుంది. మొదటి వారమంతా అత్త రేడియో మీద అలిగి, దాని వైపు వీపు పెట్టి కూర్చుంది. రెండో వారం ఆ పిల్ల ఒక ఊరి పేరు తప్పు పలికితే ఉండబట్టలేక ఇటు తిరిగి సరిచేసింది. నిన్న ఆ పిల్ల ఒక పెద్ద వాక్యం ఒక్క దమ్ములో చదవబోయి మధ్యలో తడబడింది. అత్త చాటలో బియ్యం ఏరుతూ, "ఊపిరి తీసుకో పాపా, ఎవరూ తరమడంల్యా నిన్ను" అంది. ఆ పిల్ల ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ మొదలుపెట్టింది. అత్త నా వైపు చూసి కళ్లెగరేసింది. నేను మిషన్ చక్రం చేత్తో ఆపి, పడీ పడీ నవ్వాను.